అమ్మమ్మ వేసిన ఎర్ర మాసిక

ఈ భూమ్మీద ఉన్న రహస్య సంఘాలన్నిటికీ మూలపురుషుడు మా అమ్మమ్మ. ఆడమనిషి మూలపురుషుడు ఎలా అవుతుందని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. తలుపులు బిగించుకుని, కొవ్వొత్తులు వెలిగించుకుని, ప్రాణం పోయినా ఈ మాట బయటపెట్టనని ప్రమాణాలు చేసే పెద్దమనుషులంతా ముందుగా వచ్చి నిలబడేది ఆవిడ కుట్టుమిషను ఎదటే. పొట్ట లోపలికి లాక్కుని నడుం కొలత ఇస్తారు. ఆవిడ టేపు చుట్టి, "ఊపిరి వదులు నాయనా, రహస్యం ఎక్కడికీ పారిపోదు" అంటుంది. మా అమ్మమ్మ ఏప్రన్ కుట్టి ఇవ్వందే ప్రపంచంలో ఒక్క రహస్యం కూడా పుట్టదు.

ఇది అతిశయోక్తి అని నాకు తెలుసు. ఎంత మేరకు అతిశయోక్తో మాత్రం, జరిగిందంతా కళ్ళారా చూశాక కూడా, తెలియడం లేదు.

మా అమ్మమ్మ దర్జీ. ఇంటి ముందు గదే దుకాణం. కిటికీ పక్కన తొక్కుడు మిషను, దాని వెనక ఇస్త్రీ బల్ల, గోడకు ఒక నిలువుటద్దం, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక బెంచీ. బెంచీకి ఒక కాలు పొట్టి. తెలిసినవాళ్ళు రెండో చివర కూర్చుంటారు, తెలియనివాళ్ళు కూర్చోగానే తెలుసుకుంటారు. స్కూలు యూనిఫారాలు, కిటికీ తెరలు, దిండు గలీబులు, ఆసుపత్రి కోట్లు కుడుతుంది. నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి. తిట్లన్నీ వాటి సందుల్లోంచే వస్తాయి కాబట్టి కాస్త సన్నగా వస్తాయి. తెల్ల గుడ్డ మీద తెల్ల దారం తప్ప ముట్టదు. వీధికి అవతల నడిచేవాడి కాలరు వంకరగా ఉంటే ఇక్కణ్ణుంచే పట్టేస్తుంది గానీ, సూది బెజ్జం మాత్రం కనపడదు. అందుకని మధ్యాహ్నాలు నేను వెళ్ళి సూదుల్లో దారాలు ఎక్కించి వస్తుంటాను. తొమ్మిదో తరగతితో చదువు నన్ను వదిలిందో, నేనే చదువును వదిలానో మా ఇంట్లో ఇంకా తేలలేదు. సూదిలో దారం ఎక్కించడానికి మాత్రం అంత చదువు చాలు.

ఈ యూనిఫారాలూ గలీబులూ పక్కనపెడితే, అమ్మమ్మ కుట్టే ముఖ్యమైనవి పెద్ద సంఘం ఏప్రన్లు.

పెద్ద సంఘం అంటే తాపీ మేస్త్రీల సోదర సంఘం. ఇనుప సామాన్ల కొట్టు పైన వాళ్ళ హాలు. ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ కలుస్తారు. కొత్తవాడిని చేర్చుకునేటప్పుడు కళ్ళకు గంతలు కడతారు, మెడలో తాడు వేస్తారు, హాలు చుట్టూ తిప్పి లోపలి తలుపు దగ్గర నిలబెడతారు. వాడు మూడుసార్లు తట్టాలి. లోపల్నుంచి "ఎవరు?" అంటారు. "పని వెతుక్కుంటూ వచ్చినవాణ్ణి" అనాలి. "చెయ్యి చూపించు" అంటారు. ఆ చెయ్యి సున్నపు నీళ్ళలో ముంచి, గోడ మట్టం చూసే రసమట్టం మీద పెట్టి ప్రమాణం చెప్పిస్తారు.

ఇదంతా పరమ రహస్యం. నాకెలా తెలుసంటే, మా వీధిలో అందరికీ తెలుసు. ప్రమాణం పొడుగ్గా ఉంటుంది కాబట్టి మేస్త్రీలు స్నానాల గదిలో వల్లె వేస్తారు. అక్కడైతే ఎవరూ వినరని వాళ్ళ నమ్మకం. ఒకాయన సగంలో మరిచిపోయి ఆగిపోతే వంటింట్లోంచి వాళ్ళావిడ తర్వాతి ముక్క అందించిందట. ఆయన "ఆఁ, అదే" అని ముందుకు సాగాడట.

చనిపోయిన మా తాతయ్య కూడా మేస్త్రీనే, ఆ సంఘం మనిషే. చిన్నప్పుడు ఆయన్ని అడిగాను.

"గోడలు కట్టేవాడికి మెడలో తాడెందుకు తాతయ్యా?"

"అది మాది కాదే. తాళ్ళు పేనేవాళ్ళకి ఓ సంఘం ఉండేది, వాళ్ళ దగ్గర తెచ్చుకున్నాం."

"వాళ్ళెక్కడ తెచ్చుకున్నారు?"

"పడవలవాళ్ళ దగ్గరట."

"మరి పడవలవాళ్ళు?"

"నీళ్ళలోంచి తీసుకుని ఉంటారు, పో."

"మీరే కొత్తగా ఒకటి పెట్టుకోకూడదా?"

"నిన్న మేం నలుగురం కూర్చుని అనుకున్నదానికి ఇవాళ మాకే భయం వేస్తుందా?" అన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు సగం అయింది.

తెలియని సంగతంటూ వీధికి ఒక్కటే మిగిలింది. ఏప్రన్ల మీద ఏముందన్నది. ఏప్రన్లు ఎవరూ ఇంటికి తీసుకుపోకూడదు. హాల్లో ఒక చెక్కపెట్టెలో ఉంటాయి, దాని తాళం చెవి లోపలి తలుపు కాపలా ఉండేవాడి దగ్గరుంటుంది. తెల్లటి ఏప్రన్‌కి ఎడమ వైపు కింది మూల ఒక ఎర్ర గుడ్డ ముక్క కుట్టి ఉంటుంది, మొన కిందికి తిరిగి. అది సున్నపు బట్టీలోని మంట అని, మొన కిందికి ఎందుకుందంటే మంటంతటి పనివాడు కూడా తల వంచుకుని ఉండాలని, కొత్తవాడికి అధ్యక్షుడు చెయ్యి పట్టుకుని చెవిలో చెబుతాడు. కుట్టేది అమ్మమ్మ కాబట్టి ఆ గుర్తు ఆవిడకు తెలుసు, దారాలు ఎక్కించేది నేను కాబట్టి నాకు తెలుసు. అర్థం మాత్రం మా ఇద్దరికీ చాలాకాలం తెలియదు.

ఆ తాళం చెవి మనిషి మా తాపీ తాతయ్య. అమ్మమ్మకు సొంత తమ్ముడు. ఆయన కట్టిన గోడలన్నీ నిటారుగానే ఉన్నాయి, ఆయనే కాస్త వంగాడు. మోకాళ్ళు పని ఆపేశాయి, ఆయన భార్య, మా చిన్న అమ్మమ్మ, ముందే పోయింది. మిగతా రోజులన్నీ ఆయన్ని అందరూ "ముసలాయన" అంటారు. ఆదివారం మాత్రం "లోపలి కాపలా సోదరా" అంటారు. ఆ ఒక్క మాట కోసం ఆయన శనివారం నుంచే చొక్కా ఇస్త్రీ చేయించుకుని కూర్చుంటాడు.

ఇలా ఉండగా కరెంటు వాళ్ళు వచ్చారు.

వాళ్ళ నాయకుణ్ణి ఫ్యూజు మామయ్య అంటాం. ఉన్నట్టుండి వెలిగి ఉన్నట్టుండి ఆరిపోతాడు కాబట్టి ఆ పేరు. వైరింగు పని చేస్తాడు. పెద్ద సంఘంలో చేరతానని అడిగితే, ఇటుక ముట్టనివాడికి ఇక్కడేం పని అని పంపేశారట. అమ్మమ్మ దగ్గరకు వచ్చి బెంచీ పొట్టికాలు వైపు కూర్చుని, తూలి, లేచి నిలబడ్డాడు.

"పిన్నీ, మాకూ ఏప్రన్లు కావాలి."

"కరెంటు పనికి ఏప్రనెందుకురా?"

"పనికి కాదు." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మాకో సంఘం ఉంది. చాలా పాతది."

"ఎప్పుడు పెట్టారు?"

"పోయిన ఆదివారం."

అమ్మమ్మ మిషను ఆపలేదు. నేనే ఉండబట్టలేక, "ప్రమాణం ఎలా చేస్తారు మామయ్యా?" అన్నాను.

"అది చెప్పకూడదే" అని, వెంటనే చెప్పేశాడు. "తడి చెయ్యి టెస్టరు మీద పెట్టి."

అప్పుడు ఆగింది మిషను. "తడి చేత్తోనా? కరెంటు పనివాళ్ళు?"

"పెద్దవాళ్ళ నుంచి అలాగే వస్తోంది పిన్నీ."

"ఎవర్రా ఆ పెద్దవాళ్ళు?"

"అంటే... పెద్దవాళ్ళు."

"మెయిను ఆపి చేసుకోండి నాయనా" అంది అమ్మమ్మ. "ఏప్రన్ ఎలా ఉండాలి?"

"ఏప్రన్‌లాగే ఉండాలి. అంతకంటే నేను చెప్పకూడదు."

అంతకంటే అతనికి తెలియదని నా అనుమానం. అమ్మమ్మ చేతికి ఏప్రన్ అంటే ఒక్కటే ఏప్రన్. అలవాటు కొద్దీ కత్తిరించింది, కుట్టింది, ఎడమ మూల ఎర్ర గుడ్డ మొన కిందికి తిప్పి వేసింది. ఇది పెద్ద సంఘం వాళ్ళ గుర్తు కదా అని నేను అడిగితే, "నా కుట్టు నా ఇష్టం" అంది. ఫ్యూజు మామయ్య ఆ ఎర్ర గుర్తు చూసి మురిసిపోయాడు. "దీపం ఒత్తి" అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. "మన పెద్దవాళ్ళు ఎంత ఆలోచించారో."

కొత్త గుడ్డ బిరుసుగా ఉందని కరెంటు వాళ్ళు ఏప్రన్లన్నీ ఉతికి మేడ మీద తీగకు ఆరేశారు. రహస్య సంఘం పెట్టుకున్నారు గానీ రహస్యంగా బట్టలు ఆరేసుకోవడం ఎలాగో ఎవరూ చెప్పినట్టు లేదు. అదే సమయానికి పెద్ద సంఘం అధ్యక్షుడు బస్సులో ఆ దారినే పోతున్నాడు. ఒకప్పటి కాంట్రాక్టరు, భారీ మనిషి, అందరూ పెద్దాయన అంటారు. కిటికీలోంచి చూశాడు. తన సంఘం మంటలు వరసగా గాలికి ఊగుతున్నాయి. బస్సు ఆపించి దిగి, ఎండలో వెనక్కి నడిచి, గొడుగు వేసుకోవడం కూడా మరిచి, ఆ మేడ కింద నిలబడి ఉండిపోయాడట.

ఆ సాయంత్రం తాపీ తాతయ్య దుకాణానికి వచ్చాడు. బెంచీ సంగతి తెలిసిన మనిషి కూడా పొట్టికాలు వైపే కూర్చున్నాడు.

"అక్కా, నన్ను తీసేస్తారట."

"ఎందుకు?"

"పెట్టె తాళం నా దగ్గరే ఉంటుందిగా. గుర్తు బయటికి పోయిందంటే నేనే ఇచ్చానంటున్నారు. వచ్చే ఆదివారం తేలుస్తారట."

"తీసేస్తే తీసేశారు తాతయ్యా" అన్నాను నేను, నవ్విద్దామని. "ఆదివారం పూట ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు."

"తీసేసినవాడితో ఎవరూ మాట్లాడరే. ఎదురుపడితే రోడ్డు దాటేస్తారు. రేపు నేను పోతే మోయాల్సింది వాళ్ళే. ఇంకెవరున్నారు నాకు, మీ అమ్మమ్మ మోస్తుందా?"

"మోస్తాలేరా" అంది అమ్మమ్మ. "చిన్నప్పుడు మోయలేదా నిన్ను? అప్పుడే బరువుండేవాడివి."

ఆయన నవ్వలేదు. అమ్మమ్మ నోట్లోని గుండుసూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకు గుచ్చింది. ఆవిడ సూదులు తీసిందంటే అసలు మాట వస్తోందని మాకు తెలుసు.

"కరెంటు వాళ్ళకి ఆ ఏప్రన్లు కుట్టింది నేను. ఎర్ర గుడ్డ వేసింది కూడా నేనే. దానికి ఇంత రాద్ధాంతమేంటి? అసలది మాసికరా."

"అక్కా, అది బట్టీలో మంట."

"ఏ బట్టీ? నా ఇస్త్రీ పెట్టె."

అప్పుడు చెప్పింది. చనిపోయిన మా తాతయ్య సంఘంలో చేరిన కొత్తలో, ఏప్రన్లు పెట్టెలో దాచే పద్ధతి ఇంకా లేనప్పుడు, అప్పటి అధ్యక్షుడి ఏప్రన్ ఇస్త్రీకి తెచ్చారట. మా అమ్మ అప్పుడు చిన్నపిల్ల. మంచం మీంచి పడి ఏడిస్తే, అమ్మమ్మ ఇస్త్రీ పెట్టె అక్కడే వదిలి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి ఎడమ మూల మొన ఆకారంలో మాడిపోయింది. ఆ మధ్యాహ్నమే సమావేశం. మా అమ్మది ఎర్ర గౌనుంటే దాని అంచు కత్తిరించి, మాడినంత మేరా పైన మాసిక వేసి ఇచ్చేసింది. అధ్యక్షుడు అదేమిటని అడిగితే భయపడి, "అలా ఉంటే బాగుంటుందని" అందట. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి కట్టుకుపోయాడు. మిగతావాళ్ళు అది అధ్యక్షుడికి మాత్రమే ఉండే గౌరవ చిహ్నమనుకున్నారు. తర్వాత మాకూ కావాలన్నారు. ఆ తర్వాత లేని ఏప్రనే లేదు.

తాపీ తాతయ్య లేచి నిలబడ్డాడు. "నాకు బట్టీ మంట అని చెప్పింది ఆ అధ్యక్షుడేనక్కా. చెయ్యి పట్టుకుని చెవిలో చెప్పాడు. నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి." తాళం చెవి చేతిలో తిప్పుతూ, "ఇన్నాళ్ళూ నేను కాపలా కాసింది నీ ఇస్త్రీ మరకకా?" అన్నాడు. తనను తీసేస్తారన్నది ఎక్కువ బాధో, ఈ మాట ఎక్కువ బాధో ఆయనకే తెలియనట్టుంది.

"ఆ మాటే వాళ్ళతో చెబుతాను" అంది అమ్మమ్మ. "మరక దొంగతనం ఎవడు చేస్తాడు?"

చిక్కేమిటంటే, ఇంటికి వెళ్ళి ఈ కథ చెబితే మా అమ్మ ఒప్పుకోలేదు.

"నాకు ఎర్ర గౌను లేదు" అంది. "కావాలని నేలమీద దొర్లి ఏడ్చినా కొనలేదు. ఎరుపు త్వరగా మాసిపోతుందని."

మర్నాడు అమ్మమ్మను నిలదీశాను.

"ఎర్ర గౌను లేకపోతే ఆ గుడ్డ ఎక్కడిదే?" అంది ఆవిడ.

"నన్నడుగుతావేంటి? కథ చెప్పింది నువ్వు."

"ఉండి ఉండాలి" అంది. "కాలడం మాత్రం కాలింది. వాసన గుర్తుంది నాకు" అంది. ఆ తర్వాత ఆ రోజంతా మిషను తొక్కుతూ మధ్యమధ్యలో ఆగిపోయింది.

ఆదివారం అమ్మమ్మను సాక్షిగా హాలుకు పిలిచారు. కళ్ళు సరిగా ఆనవని నన్ను వెంట తీసుకెళ్ళింది. మెట్లు ఎక్కగానే బయటి తలుపు దగ్గర ఒక మేస్త్రీ గంతలు పట్టుకుని నిలబడ్డాడు. సంఘం కాని వాళ్ళు కళ్ళు తెరుచుకుని లోపలికి రాకూడదట.

"కళ్ళకు గంతలు కడితే నేనేం చూపిస్తాను నాయనా?" అంది అమ్మమ్మ.

"పద్ధతి వదినా."

కట్టించుకుంది. నా చెవి దగ్గర వంగి, "భయపడకు. పల్చటి గుడ్డతో కుట్టాను. కొత్తవాళ్ళు తట్టుకుని పడతారని" అంది. నిజమే, అంతా కనపడుతోంది. గోడల వెంట కుర్చీలు, మధ్యలో బల్ల, బల్ల మీద రసమట్టం, ఒక చెంబు. లోపలి తలుపు పక్కన తాపీ తాతయ్య, ఏప్రన్ లేకుండా. మిగతా మేస్త్రీలంతా ఏప్రన్లు కట్టుకుని కూర్చుంటే, ఆయన ఒక్కడూ స్నానం మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు. బల్ల వెనక పెద్దాయన.

గంతలు విప్పారు. మేము అప్పుడే చూస్తున్నట్టు నటించాం.

కరెంటు వాళ్ళ ఏప్రన్లు కుట్టింది తనేనని, అమ్మమ్మ ఇస్త్రీ పెట్టె సంగతంతా చెప్పింది. ఎర్ర గౌను దగ్గర మాత్రం కొంచెం తడబడి, "ఏదో ఎర్ర గుడ్డ" అంది. హాలంతా గుసగుసలు. ఒకాయన లేచి, "మా నాన్న ఈ మంట మీద చెయ్యి పెట్టి మాటిచ్చి నిలబెట్టుకున్నాడు. దాన్ని ఇస్త్రీ మరకంటే ఎలా వదినా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా అర్థంకాక అడిగాడు.

పెద్దాయన చెయ్యెత్తాడు. "మొదటి ఏప్రన్ ఇదే" అన్నాడు, తన నడుం తట్టుకుని. "అధ్యక్షుడి నుంచి అధ్యక్షుడికి వస్తోంది. వదినే మాసిక విప్పుతుంది. కింద మాడిన మరక ఉంటే ఇది గుర్తే కాదు. మనకు రహస్యం పోలేదు, లోపలి కాపలా సోదరుడి తప్పు లేదు. గుడ్డ శుభ్రంగా ఉంటే ఇది మన పెద్దలు పెట్టిన గుర్తే. పెట్టె తాళం ఇతని దగ్గరుంది, కుట్టింది ఇతని అక్క, ఇతనే బయటపెట్టాడు. ఇతను ఇవాళే వెళ్ళిపోతాడు. సరేనా?"

అందరూ సరేనన్నారు. తాపీ తాతయ్య కూడా అన్నాడు. పెద్దాయన ఏప్రన్ నాడా విప్పి బల్ల మీద పెట్టాడు. అది లేకపోతే ఆయన కూడా చొక్కా గుండీలు బిగుతైన మామూలు మనిషే.

అమ్మమ్మ చిన్న కత్తెర తీసింది. నేను గుడ్డ లాగి పట్టుకున్నాను. కుట్టు మీద కుట్టు తెగుతుంటే మేస్త్రీలు కుర్చీల్లోంచి ముందుకు వంగారు. మూడు వైపులా విప్పి, ఎర్ర ముక్కను పైకెత్తింది.

కింద మరక లేదు. శుభ్రమైన గుడ్డా లేదు. ఒక కన్నం ఉంది. గుండ్రంగా, తీరుగా, రూపాయి బిళ్ళంత. దాని అంచు చుట్టూ నీలం దారంతో, విడిపోకుండా దగ్గర దగ్గరగా కుట్టి ఉంది.

నేను అమ్మమ్మ మొహం చూశాను. తెల్ల గుడ్డ మీద నీలం దారం ముట్టే మనిషి కాదు. మొనదేలిన మరకను గుండ్రంగా కోసే మనిషీ కాదు. ఆవిడ బొటనవేలు మెల్లగా జరిగి ఆ నీలం కుట్టు మీద నిలిచింది.

"మరక ఏది వదినా?" అన్నాడు పెద్దాయన.

"మాడిన గుడ్డను లోపలుంచి ఎవరైనా మాసిక వేస్తారా? కోసి పారేస్తాం."

"అంటే, ఇది నువ్వు కోసిందేనా?"

అవునంటే అబద్ధమో నిజమో ఆవిడకే తెలియదు. కాదంటే తమ్ముణ్ణి మెట్లు దింపేస్తారు. అమ్మమ్మ నోరు తెరిచింది. "కొంచెం నీళ్ళు ఇప్పించండి" అంది.

చెంబులో ఉన్నవి సున్నపు నీళ్ళు. మంచినీళ్ళు ఎక్కడుంటాయో తెలిసినవాడు లోపలి కాపలా ఒక్కడే. తాపీ తాతయ్య లోపలికి వెళ్ళి గ్లాసు తెస్తున్నాడు. ఈలోగా పెద్దాయన అమ్మమ్మ వేలి కిందినుంచి ఏప్రన్ లాక్కుని, కిటికీ వెలుగుకు ఎత్తి, ఒక కన్ను మూసి ఆ కన్నంలోంచి చూశాడు. కన్నానికి అవతల, రెండు చేతులా గ్లాసు పట్టుకుని, నీళ్ళు ఒలకకుండా అడుగులో అడుగు వేసుకుంటూ వస్తున్న తాపీ తాతయ్య కనపడి ఉండాలి. పెద్దాయన అలా చాలాసేపు చూశాడు.

ఏప్రన్ దించాడు. "మంట పైన ఉంది" అన్నాడు నెమ్మదిగా. "దాని కింద ఇది ఉంది. ఇది ఉందని మనలో ఎవరికైనా తెలుసా?"

మేస్త్రీలు ఒకరి ఏప్రన్ వైపు ఒకరు చూసుకున్నారు.

"నాకూ తెలియదు. ప్రతి ఆదివారం నడుముకు కట్టుకునే నాకే తెలియకపోతే, తలుపు దగ్గరుండేవాడు ఎలా బయటపెడతాడు? కరెంటు వాళ్ళు పట్టుకుపోయింది మూత మాత్రమే. మన రహస్యం ఎక్కడిదక్కడే ఉంది."

"దాని అర్థం ఏంటండీ?" అన్నాడు వెనకనుంచి ఒకాయన.

"అర్థం తెలిస్తే అది లోపల ఎందుకుంటుంది?"

అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఎవరికీ ఏమీ అర్థం కాలేదని నా నమ్మకం. కానీ గదిలో బరువు మాత్రం దిగిపోయింది. "కుట్టెయ్యి వదినా" అన్నాడు పెద్దాయన. నేను తెల్ల దారం ఎక్కించి ఇచ్చాను. అమ్మమ్మ ఎర్ర ముక్కను మళ్ళీ కప్పి కుట్టేసింది. ఎవరో తాపీ తాతయ్య నడుముకు ఏప్రన్ కట్టి, తాళం చెవి చేతిలో పెట్టి, "లోపలి కాపలా సోదరా, తలుపు దగ్గర నిలబడు" అన్నారు. ఆయన నిలబడ్డాడు. అమ్మమ్మకు తెచ్చిన నీళ్ళు ఆయనే తాగేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన మా వెనకే, తాళం చెవి పిడికిట్లో బిగించుకుని నడుస్తున్నాడు.

"అక్కా, ఇప్పుడది మంటా, ఇస్త్రీ పెట్టా, కన్నమా?"

"తాళం ఇచ్చారా లేదా?"

"ఇచ్చారు."

"అయితే నడువు."

కొన్నాళ్ళకు ఫ్యూజు మామయ్య ఏప్రన్లన్నీ మూటగట్టి తీసుకుని మళ్ళీ దుకాణానికి వచ్చాడు. ఈసారి కూర్చోలేదు.

"పిన్నీ, వీటికి ఆ ఎర్రదాని కింద... గుండ్రంగా... ఒక కన్నం లాంటిది ఉండాలి."

"ఎవరు చెప్పార్రా?"

"పెద్దవాళ్ళ నుంచి వస్తోంది పిన్నీ. మేమే మరిచిపోయాం."

ఏ స్నానాల గదిలోంచి వచ్చిందో నేను అడగలేదు. అమ్మమ్మ మూట విప్పి, పైనున్న ఏప్రన్ తీసి, మాసిక విప్పి, సుద్దతో గుండ్రంగా గీత గీసి కోసింది.

ఆ మధ్యాహ్నమే నేను రాసుకొచ్చిన ఈ కథంతా ఆవిడకు చదివి వినిపించాను. మూలపురుషుడి దగ్గర ముక్కుతో ఒక చప్పుడు చేసింది. చిన్నప్పుడు మోశానన్న చోట మిషను కాసేపు ఆపింది. అంతా అయ్యాక అడిగాను.

"అమ్మమ్మా, అన్నీ రాశాను గానీ ఒక్కటి తేలలేదు. ఆ కన్నం నీది కాదు. ఆ నీలం దారం నీది కాదు. నీకు ముందు కుట్టినవాళ్ళదా, తాళ్ళు పేనేవాళ్ళదా, పడవలవాళ్ళదా? మరి కాలిందన్నావే, అది ఏ ఏప్రన్ మీద కాలింది?"

ఆవిడ నోట్లోని సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది. అసలు మాట వస్తోందనుకుని పెన్ను పట్టుకున్నాను.

"కళ్ళు బాగానే కనపడుతున్నాయిగా నీకు" అంది. "వాగకుండా ఆ సూదిలో దారం ఎక్కించు. నీలం."